నీలం బుక్కు నుంచి అవుట్‌పాస్ దాకా.. గల్ఫ్ పోయేటోళ్లు తెలుసుకోవాల్సిన పాస్‌పోర్టుల సంగతి

ఆర్మూర్: పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ మార్కెట్‌యార్డుకు తోలే కాలంలో ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో రెండు లెక్కలు నడుస్తాయి. క్వింటాల్‌కు ఎంత పలికిందనేది ఒకటి. ఆ పైసల్లో గల్ఫ్ ఏజెంటుకు ఎంత కట్టాలనేది రెండోది. పసుపు రేటు గురించి పది మందిని అడిగి తెలుసుకునే కుటుంబాలే పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి ఏజెంటు మాట మీద ఆధారపడుతున్నాయి. బుక్కు చేతికొచ్చిందా, వీసా పడిందా అనేంతవరకే చూస్తున్నారు. ఆ బుక్కులో ఏం రాసి ఉందో, రాసి లేదో చూసేవాళ్లు తక్కువ.

ఆ ఒక్క పేజీ చూడకపోవడం వల్లనే తర్వాత కష్టాలు మొదలవుతాయి. జీతం ఎగ్గొట్టిన కఫీల్ మీద ఫిర్యాదు చేయాలన్నా, ప్రమాదం జరిగితే బీమా రావాలన్నా, చేతిలో బుక్కు లేకుండా ఇల్లు చేరాలన్నా, మనిషి ఏ పత్రంతో, ఏ వీసాతో దేశం దాటాడన్నదే మొదటి ప్రశ్న. అందుకే భారత ప్రభుత్వం ఇచ్చే పాస్‌పోర్టులు, ప్రయాణ పత్రాలు ఎన్ని రకాలో, ఏది ఎవరికి ఇస్తారో, ఏది ఎక్కడ అక్కరకొస్తుందో వివరంగా చూద్దాం.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో పాస్‌పోర్టులన్నీ 1967 పాస్‌పోర్టుల చట్టం కింద జారీ అవుతాయి. ఈ చట్టం వెనక ఒక కోర్టు తీర్పు ఉంది. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు ఇష్టంగా ఉండేది. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, విదేశాలకు వెళ్లడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని, చట్టం లేకుండా దాన్ని ఆపడం కుదరదని చెప్పింది. దాంతో కేంద్రం అదే ఏడాది జూన్ 24న ఈ చట్టం తెచ్చింది. ఇప్పటికీ ఆ తేదీనే పాస్‌పోర్టు సేవా దివస్‌గా జరుపుతారు.

పదేళ్ల తర్వాత మేనకా గాంధీ పాస్‌పోర్టును కారణం చెప్పకుండా ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆ కేసులో 1978 జనవరిలో వచ్చిన తీర్పు ఈ హక్కును ఇంకా గట్టి చేసింది. పాస్‌పోర్టు తీసుకోవాలంటే న్యాయమైన పద్ధతి పాటించాలి, ఆ మనిషి వాదన వినాలి అని కోర్టు స్పష్టం చేసింది.

చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టులు మూడు రకాలు: సాధారణ, అఫీషియల్, డిప్లొమాటిక్. వీటికి తోడు ఎమర్జెన్సీ సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఆఫ్ ఐడెంటిటీ వంటి ప్రయాణ పత్రాలు ఉన్నాయి.

మూడు రంగులు

ముదురు నీలం అట్ట ఉన్నది సాధారణ పాస్‌పోర్టు. ఉద్యోగం, చదువు, హజ్, ఉమ్రా, చుట్టపు చూపు.. దేనికి వెళ్లినా ఇదే. పెద్దలకు 10 ఏళ్లు చెల్లుతుంది. పిల్లలకు 5 ఏళ్లు లేదా 18 ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అది. 36 పేజీల బుక్కుకు రూ.1,500, 60 పేజీల బుక్కుకు రూ.2,000 ఫీజు. తత్కాల్‌లో కావాలంటే అదనంగా మరో రూ.2,000 కట్టాలి. తత్కాల్ అంటే వేరే రకం పాస్‌పోర్టు అని కొందరు అనుకుంటారు. అది కూడా ఇదే నీలం బుక్కు, తొందరగా వస్తుంది, అంతే తేడా.

తెల్ల అట్ట ఉన్నది అఫీషియల్ పాస్‌పోర్టు. ప్రభుత్వ పని మీద విదేశాలకు వెళ్లే ఉద్యోగులకు ఇస్తారు. మెరూన్ రంగుది డిప్లొమాటిక్ పాస్‌పోర్టు. దౌత్యవేత్తలు, మంత్రులు, ఎంపీలు, ఉన్నత స్థాయి అధికారులకు ఇది దక్కుతుంది. ఈ రెండు రకాలకూ ఢిల్లీ పటియాలా హౌస్‌లోని విదేశాంగ శాఖ కార్యాలయమే కేంద్రం. మెరూన్ బుక్కు ఉన్నవారికి కొన్ని దేశాలు వీసా లేకుండానే ప్రవేశం ఇస్తాయి. 2024 ఎన్నికల సమయంలో తీవ్ర ఆరోపణలు ఎదుర్కొన్న కర్ణాటక ఎంపీ ఒకరు ఈ బుక్కుతోనే వీసా లేకుండా జర్మనీ వెళ్లిపోవడంతో దాని సంగతి దేశమంతా మాట్లాడుకుంది.

ఇప్పుడు సాధారణ పాస్‌పోర్టులోనే చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు వస్తున్నాయి. 2024లో ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. అట్ట మీద బంగారు రంగులో చిన్న చిప్ గుర్తు ఉంటే అది ఈ-పాస్‌పోర్టు. పాత బుక్కు గడువు ఉన్నంతవరకు చెల్లుతుంది. చిప్ లేదని ఎవరైనా భయపెట్టి పైసలు అడిగితే నమ్మొద్దు.

అసలు తేడా లోపలి పేజీలో

ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్ దిక్కు నుంచి గల్ఫ్ పోయేవారికి అట్ట రంగు కన్నా ముఖ్యమైనది ఈసీఆర్ అనే మూడక్షరాలు. ఈ ముద్ర ఉంటే ఆ మనిషి కొన్ని దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని అర్థం. ముద్ర లేకపోతే అనుమతి అక్కర్లేదు. దీన్నే జనం ఈసీఎన్ఆర్ అంటారు. ఇంతకుముందు ఈసీఎన్ఆర్ అని కూడా ముద్ర కొట్టేవారు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. ఏ ముద్రా లేదంటే ఈసీఎన్ఆర్ కిందే లెక్క.

పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ పడుతుంది. పదో తరగతి పాసైనవారు, ఆదాయపు పన్ను కట్టేవారు, 50 ఏళ్లు దాటినవారు, 18 ఏళ్ల లోపు పిల్లలు, విదేశాల్లో మూడేళ్లకు పైగా ఉన్నవారు తదితరులకు మినహాయింపు ఉంది. 1983 వలసల చట్టం కింద ఈ అనుమతి అవసరమైన దేశాలు 18. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ ఆరూ అందులో ఉన్నాయి. ఇరాక్, జోర్డాన్, లెబనాన్, మలేసియా, థాయ్‌లాండ్ కూడా ఉన్నాయి.

ఈసీఆర్ అంటే అడ్డంకి అని, చదువురాని ముద్ర అని చాలామంది నామోషీగా చూస్తారు. నిజానికి ఈ అనుమతి కోసం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో విదేశీ కంపెనీ వివరాలు నమోదు కావాలి. ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. జీతం, పని గంటలు, తిండి, వసతి రాసిన ఒప్పందం ఉండాలి. వెళ్లే మనిషికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితికి వచ్చినా రూ.10 లక్షల బీమా. లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీసు చార్జీగా రూ.30,000కు మించి తీసుకోకూడదు, దానిపై జీఎస్టీ అదనం. వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టే మొత్తంతో ఈ అంకెను ఒకసారి పోల్చి చూసుకుంటే మోసం ఎంతో తెలుస్తుంది.

ఆడవాళ్ల విషయంలో నిబంధనలు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఈసీఆర్ బుక్కు ఉన్న మహిళ ఈ దేశాలకు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి. అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. తెలంగాణలో ఆ పని చూసేది టామ్‌కామ్. గల్లీ ఏజెంటు ద్వారా ఖద్దామా వీసా మీద పంపుతామంటే అది చట్టవిరుద్ధమే.

విజిట్ వీసా దొడ్డిదారి

పని కోసం కాకుండా చూడ్డానికో, ఉమ్రాకో వెళ్లేవారికి ఈసీఆర్ బుక్కు ఉన్నా ఆ అనుమతి అవసరం లేదు. 2007 నుంచి ఇదే పద్ధతి. దొంగ ఏజెంట్లు వాడుకునే సందు ఇదే. ‘విజిట్ మీద పో తమ్మీ, అక్కడికి పోయినంక కంపెనీ వీసా మారుస్తరు’ అంటారు. విమానం ఎక్కినప్పుడు అంతా సజావుగానే కనిపిస్తుంది. కానీ ఆ మనిషి కార్మికుడిగా ఎక్కడా నమోదు కాలేదు. ఒప్పందం లేదు, బీమా లేదు. పని చేస్తూ దొరికితే అక్కడి చట్టం ప్రకారం నేరం. గడువు దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. ఏడాది తిరిగేసరికి అది 18 వేల దిర్హమ్‌లు దాటుతుంది.

మరో దారి దొంగ మెమో. పదో తరగతి పాసైనట్టు నకిలీ సర్టిఫికెట్ పెట్టి ఈసీఎన్ఆర్ తీసుకోవడం. తప్పుడు వివరాలిచ్చి పాస్‌పోర్టు తీసుకుంటే చట్టంలోని 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. సక్రమమైన దారి కూడా కష్టమేం కాదు. ఓపెన్ స్కూల్‌లో పది పాసైతే ఆ మెమోతో రీఇష్యూకు దరఖాస్తు చేసి ఈసీఆర్ తీసేయించుకోవచ్చు.

నారింజ బుక్కు వద్దన్న జనం

ఈ ముద్ర చుట్టూ 2018లో పెద్ద దుమారమే రేగింది. ఈసీఆర్ ఉన్నవారికి నీలం బదులు నారింజ రంగు అట్టతో పాస్‌పోర్టు ఇవ్వాలని ఆ ఏడాది జనవరిలో విదేశాంగ శాఖ నిర్ణయించింది. అందరి బుక్కుల్లో చివరి పేజీ ముద్రించడం కూడా ఆపుతామంది. చదువు లేని కూలీని దూరం నుంచే గుర్తుపట్టేలా రంగు వేయడం ఏమిటని వలస కార్మికులు, వారి సంఘాలు నిలదీశాయి. ఎయిర్‌పోర్టులో, పరాయి దేశంలో రెండో తరగతి పౌరుడిలా చూస్తారని విమర్శలు వచ్చాయి. కేరళ హైకోర్టుదాకా విషయం వెళ్లింది. అదే నెల 30న ప్రభుత్వం రెండు నిర్ణయాలనూ వెనక్కి తీసుకుంది. ఇంజినీరుకైనా, మేస్త్రీకైనా ఇవాళ అట్ట రంగు ఒక్కటే ఉందంటే ఆ నిరసనే కారణం.

హజ్ పాస్ నుంచి అసలు పాస్‌పోర్టుకు

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు హజ్ కమిటీ ద్వారా వెళ్లే హాజీలకు మామూలు పాస్‌పోర్టు అక్కర్లేదు. హజ్ ప్రయాణానికి మాత్రమే పనికొచ్చే పిల్‌గ్రిమ్ పాస్ ఇచ్చేవారు. యాత్ర అయిపోతే దాని పని అయిపోయినట్టే. 2009 హజ్ నుంచి సౌదీ ప్రభుత్వం అందరికీ అంతర్జాతీయ పాస్‌పోర్టు తప్పనిసరి చేసింది. దాంతో జీవితంలో ఎన్నడూ పాస్‌పోర్టు చూడని నానీలు, దాదాలు కూడా ఫొటో దిగి, వేలిముద్రలిచ్చి నీలం బుక్కు తీసుకోవాల్సి వచ్చింది.

హజ్‌కు, ఉమ్రాకు నియ్యత్ చేసుకున్నవారు ముందుగా బుక్కు గడువు చూసుకోవాలి. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. చేత్తో రాసిన పాత పాస్‌పోర్టులు 2015 నవంబర్ 24 తర్వాత అంతర్జాతీయ ప్రయాణానికి చెల్లడం లేదు. అలమారలో అలాంటిది ఉంటే కొత్తది తీసుకోవాల్సిందే.

పేరులో తేడా.. ప్రయాణంలో చిక్కు

మన ప్రాంతంలో ఎక్కువ దరఖాస్తులు చిక్కుకునేది పేర్ల దగ్గర. పది మెమోలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మహమ్మద్’, ఓటరు కార్డులో మరో స్పెల్లింగ్. ఆడవాళ్లకు ఒకచోట బేగం, ఇంకోచోట సుల్తానా. తెలుగు పేర్లకైతే ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేముందే వీటన్నిటినీ ఒకే తీరుగా సరిచేసుకోవాలి. బుక్కు వచ్చాక మార్చాలంటే మళ్లీ ఫీజు, మళ్లీ తిరుగుడు.

ఒకే పేరు ఉండి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినా ఇబ్బందే. అలాంటి బుక్కుతో విజిట్, టూరిస్టు వీసాల మీద వచ్చేవారిని రానివ్వబోమని 2022 నవంబర్‌లో యూఏఈ చెప్పింది. పిల్లల విషయంలో ఇంకో మాట. 2023 అక్టోబర్ 1న లేదా ఆ తర్వాత పుట్టినవారికి పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది. ఆస్పత్రి చీటీ చాలనుకోకుండా మున్సిపాలిటీలోనో, పంచాయతీలోనో వెంటనే రాయించుకోవాలి.

ఇక పోలీస్ వెరిఫికేషన్. పక్కనే ఉన్న బోధన్ చిరునామాలతో విదేశీయులు పాస్‌పోర్టులు తీసుకున్న కేసు 2021లో బయటపడింది. తనిఖీ చేయాల్సిన పోలీసులే అందులో అరెస్టయ్యారు. ఇలాంటి ఒక్క కేసు జరిగితే ఆ తర్వాత నిఖార్సయిన దరఖాస్తుదారులకే సోదాలు పెరుగుతాయి. అద్దె ఇంట్లో ఉన్నవారు ఇప్పుడు ఉంటున్న చిరునామానే ఇవ్వాలి. పోలీసులు వచ్చినప్పుడు ఆ ఇంట్లో లేకపోతే రిపోర్టు ఎదురుతిరుగుతుంది.

ఆర్మూర్ వాళ్లకు హైదరాబాద్ పోయే పని లేదు. నిజామాబాద్‌లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. స్లాట్ బుక్ చేయాల్సింది విదేశాంగ శాఖ అధికారిక వెబ్‌సైట్‌లో గానీ, ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్‌లో గానీ మాత్రమే. అదే పేరు పోలిన నకిలీ సైట్లు ఉన్నాయి, ఎక్కువ ఫీజు అడిగిందంటే అనుమానించాలి. సందేహాలకు టోల్‌ఫ్రీ నంబర్ 1800 258 1800.

బుక్కు లేకుండా ఇంటికి: అవుట్‌పాస్

కఫీల్ బుక్కు గుంజుకున్నాడు. పని నుంచి బయటపడ్డ కార్మికుడు ఖల్లివెల్లి అయ్యాడు. అఖామా గడువు అయిపోయింది. పాస్‌పోర్టు గడువు కూడా తీరింది. ఇలాంటి మనిషిని ఇంటికి చేర్చే కాగితం ఎమర్జెన్సీ సర్టిఫికెట్. గల్ఫ్‌లో మనోళ్లు అవుట్‌పాస్ అని, తెల్ల పాస్‌పోర్టు అని పిలిచేది దీన్నే. భారత ఎంబసీ లేదా కాన్సులేట్ ఇస్తుంది. ఇండియాకు రావడానికి మాత్రమే, ఒక్కసారికే పనికొస్తుంది.

అయితే అవుట్‌పాస్ చేతికి రాగానే విమానం ఎక్కొచ్చనుకోవడం పొరపాటు. అది మన ప్రభుత్వం ‘ఇతను మా పౌరుడు’ అని ఇచ్చే హామీ మాత్రమే. వదలాల్సింది ఆ దేశం. జరిమానాలు, కఫీల్ పెట్టిన పారిపోయిన కేసు, కోర్టు కేసులు తేలితేనే అక్కడి అధికారులు ఎగ్జిట్ ఇస్తారు. క్షమాభిక్ష, అంటే ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు ఎంబసీల ముందు వరుసలు కట్టేది ఇందుకే. 2013లో సౌదీ నితాఖత్ సమయంలో, మళ్లీ 2017లో, 2018లో కువైట్, యూఏఈ ఆమ్నెస్టీల్లో తెలంగాణ కార్మికులు ఇలాగే ఇళ్లకు చేరారు. 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా యూఏఈ ఇచ్చిన ఆమ్నెస్టీలో జరిమానాలు మాఫీ చేయడమే కాదు, తిరిగి రాకుండా నిషేధం కూడా పెట్టలేదు. మామూలు రోజుల్లో డిపోర్ట్ అయిన మనిషికి ఆ అవకాశం ఉండకపోవచ్చు. అందుకే ఆమ్నెస్టీ కబురు వచ్చినప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఇంటికొచ్చాక కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేటప్పుడు అవుట్‌పాస్ మీద వచ్చిన సంగతి దాచకూడదు. ఆ కాగితం కాపీ ఉంచుకోవాలి. దాచితే తప్పుడు సమాచారం ఇచ్చినట్టే అవుతుంది.

చట్టంలో ఉన్న ఇంకో పత్రం సర్టిఫికెట్ ఆఫ్ ఐడెంటిటీ. ఇది భారత పౌరులు కాని, ఏ దేశ పాస్‌పోర్టూ లేని వారికి ఇచ్చేది. మన దేశంలో ఎక్కువగా టిబెట్ శరణార్థులు దీని మీదే విదేశాలకు వెళ్తారు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ప్రయాణ పత్రం కాదు. అయినా కువైట్ ఉద్యోగ వీసాలకు దాన్ని అడుగుతారు కాబట్టి పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లోనే రూ.500 కట్టి తీసుకోవచ్చు.

బుక్కు ఎవరిది?

చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు భారత కేంద్ర ప్రభుత్వ ఆస్తి. పట్టుకుని తిరిగే మనిషి దాన్ని వాడుకునే హక్కుదారు. అంటే ఏజెంటుకు, కంపెనీకి, అప్పిచ్చిన షావుకారుకు దాన్ని తమ దగ్గర పెట్టుకునే హక్కు లేదు. పోలీసులు సైతం కేసులో స్వాధీనం చేసుకోవచ్చేమో గానీ తమ దగ్గరే ఉంచేసుకోలేరని, ఆ అధికారం పాస్‌పోర్టు అధికారులదేనని 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుకు బుక్కు తాకట్టు పెట్టడమంటే తనది కాని వస్తువును తాకట్టు పెట్టడమే.

పాస్‌పోర్టు విలువ ఒక్కోసారి మనిషి పోయాక కూడా తెలుస్తుంది. గల్ఫ్‌లో చనిపోయినవారి పాస్‌పోర్టును ఎంబసీ రద్దు చేసి, కాగితాలు పూర్తి చేశాకే శవపేటిక బయలుదేరుతుంది. బుక్కు కాపీ ఇంట్లో లేకపోతే కుటుంబం నంబరు కోసం పది మందిని బతిమాలుకోవాలి. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇస్తున్న రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు కూడా ఈ కాగితాలే ఆధారం.

అందుకే ప్రయాణానికి ముందు ఒక పని చేయాలి. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, ఒప్పందం, బీమా కాగితం కాపీలు తీసి ఇంట్లో అమ్మకో, భార్యకో ఇవ్వాలి. ఫోన్‌లో ఫొటో చాలదు, ఫోన్ కూడా కఫీల్ దగ్గరే ఉండిపోవచ్చు. ఆపద వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటివాళ్లే ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ 1800 11 3090. హైదరాబాద్ బేగంపేట ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబర్ నుంచి ప్రవాసీ ప్రజావాణి కూడా నడుస్తోంది.

పసుపు అమ్మేటప్పుడు కాంటా మీద అంకె చూడకుండా ఏ రైతూ సంచి దింపడు. పాస్‌పోర్టు విషయంలోనూ అంతే. ఏజెంటు చేతికి పైసలు ఇచ్చేముందు బుక్కు తెరవాలి. ఈసీఆర్ ఉందా, గడువు ఎంత మిగిలింది, పేరు సరిగా ఉందా, వీసా విజిట్‌దా పనిదా అన్నవి నాలుగూ చూడాలి. చదవరానివారు చదువుకునే పిల్లల చేత చదివించుకున్నా సరే.